పాస్‌పోర్టు గడువు తీరిన సూడాన్ విద్యార్థికి వీసా పొడిగింపు: రసీదు చాలట్లేదు

అనంతపురంలో పీజీ రెండో ఏడాది. 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలయ్యాక పాస్‌పోర్టుల పని కుంటుపడి కొత్త పుస్తకం చేతికి రాలేదు, పాతదాని గడువు తీరిపోయింది. స్టూడెంట్ వీసాకు ఇంకా ఐదు వారాలే ఉంది.

ఆన్‌లైన్ దరఖాస్తుకు కాలేజీ బోనఫైడ్, ఫీజు రసీదులు, అద్దె అగ్రిమెంటు జతచేశాం. "చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు లేదు" అని వెనక్కొచ్చింది. ఎంబసీవాళ్ల రెన్యువల్ రసీదు స్కాన్ చేసి మళ్లీ పెట్టినా అదే జవాబు. రసీదులో పాత పాస్‌పోర్టు నంబరు లేదు, బహుశా అక్కడే చిక్కు. యూఎన్‌హెచ్‌సీఆర్ (ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ) కార్డు తీసుకోమంటున్నారు కొందరు. 1951 శరణార్థుల ఒప్పందంలో భారత్ లేదు, పైగా ఆ కార్డు పాస్‌పోర్టుకు బదులు కాదు. కాబట్టి ఆ సలహా వద్దు.

ఇలాంటి కేసులో పొడిగింపు వచ్చినవాళ్లు ఎంబసీ లెటర్‌లో కచ్చితంగా ఏ వివరాలు రాయించారు?