రెండేళ్ల పాపతో హనుమకొండ నుంచి డాలస్‌కు: చేతిసంచిలో ఏమేమి పెట్టుకోవాలి?

వచ్చే నెల మా పాపతో ఒక్కదాన్నే డాలస్ వెళ్తున్నాను. శంషాబాద్ దాకా కారు, దోహాలో విమానం మారాలి. రెండేళ్లు నిండాయి కాబట్టి పాపకు వేరే సీటు కొన్నాం. అది మాత్రం నా ఒళ్లో తప్ప నిద్రపోదు!

అసలు భయం దోహా తర్వాతి 16 గంటల గురించే. ఉగ్గు పొడి డబ్బాలో పెట్టుకుంటే విమానంలో వేడినీళ్లు ఇస్తారా? బయటి గిన్నెలో పెడితే ముట్టదు కాబట్టి దాని చిన్న స్టీలు గిన్నె, చెంచా ఎలాగూ వెంటే ఉంటాయి. పిల్లల పాలకు 100 మిల్లీలీటర్ల పరిమితి నుంచి మినహాయింపు ఉందని తెలుసు. తనిఖీలో వాటిని విడిగా చూపించాలా?

మడత తోపుడుబండిని విమానం తలుపు దగ్గర ఇచ్చేస్తే దోహాలో తిరిగి ఇస్తారా, లేక డాలస్‌లోనేనా? అత్తయ్య చేసిన సకినాలు పెద్ద పెట్టెలోకే. మార్పు బట్టలు ఎన్ని జతలు పెట్టుకోవాలి? పిల్లలతో వెళ్లివచ్చినవారు చెప్పగలరు.