తావో: మతమా, తత్వమా?

గోదారిగట్టు:
ఈమధ్యే 'తావో తె చింగ్' అనే పాత చైనా పుస్తకం చదివాను. 81 చిన్న అధ్యాయాలు, మూలంలో అటూ ఇటూగా 5,000 చైనీస్ అక్షరాలేనట. అందులో గుడి లేదు, పూజారి లేడు. నీళ్ళు పల్లానికే పోతాయి, అయినా బండను అరగదీసేవి అవే అంటాడు, దాన్ని రాశాడని చెప్పుకునే లావోట్సు. ఇంత చక్కటి తత్వానికి తర్వాతివాళ్ళు దేవుళ్ళనీ తాయెత్తులనీ తగిలించారు. అసలు తావో అంటే పుస్తకమే. కాదంటారా?

మెట్టతామర:
కాదనే అంటాను. ఆ తేడా చైనా మాటల్లోనూ ఉంది. తావోచియా అంటే ఆలోచన, తావోచియావో అంటే మతం. కానీ ఆచరణలో అంత విడివిడిగా ఏమీ లేవు. క్రీ.శ. 142లో లావోట్సు దేవుడై తనకు కనిపించాడని సిచువాన్‌లో చాంగ్ తావోలింగ్ అనే ఆయన చెప్పుకున్నాడట. ఆయన పరంపరలో చేరాలంటే ఐదు కుంచాల బియ్యం ఇవ్వాలి. జనం దానికి 'ఐదు కుంచాల బియ్యం దారి' అనే పేరు పెట్టేశారు. ఒంట్లో బాగోకపోతే చేసిన తప్పులు కాగితం మీద పెట్టేవాళ్ళు, మూడు ప్రతులు. ఒకటి ఆకాశానికని కొండమీద పెట్టాలి, ఒకటి భూమిలో పాతాలి, ఒకటి నీళ్ళలో ముంచాలి. ఇంతకీ వాళ్ళు పారాయణం చేసిన పుస్తకం ఏదనుకున్నారు? మీరు చదివిందే.

గోదారిగట్టు:
అదంతా తర్వాతి కథ కదండీ. 1973లో చైనాలోని మావాంగ్‌తుయ్ సమాధిలో ఇదే పుస్తకం పట్టుగుడ్డ మీద రాసి దొరికింది. ఆ సమాధి మూసింది క్రీ.పూ. 168లో. అంటే మీ బియ్యం కుంచాలకు 300 ఏళ్ళ ముందు.

మెట్టతామర:
అదే సమాధిలో ఇంకేం దొరికాయో కూడా చెప్పండి మరి. ఒళ్ళు వంచి ఊపిరి సాధన చేసే 44 బొమ్మల పటం. 52 రోగాలకు మందుల పుస్తకం, అందులో మంత్రాలు కూడా!

రాత్రిషిఫ్టు:
నేను సింగపూర్‌లో ఉంటాను. ఏడో చాంద్రమాన నెలలో మా బ్లాక్ కింద ఇనప డబ్బాల్లో కాగితం డబ్బు కాలుస్తారు, పోయినవాళ్ళకని. పాటల కచేరీ పెడితే ముందు వరస కుర్చీలు ఆత్మలకు వదిలేస్తారు. ఇది తావోనా, బౌద్ధమా అని పక్కింటి ఆంటీని అడిగాను. "మా అమ్మ చేసేది" అంది. మీ పంచాయితీ ఆవిడకు అక్కర్లేదు.

పాతచింతకాయ:
పంచాయితీ ఇప్పటిది కాదులెండి. ఏడో శతాబ్దంలో కామరూప (ఇప్పటి అస్సాం) రాజు భాస్కరవర్మ ఈ పుస్తకం సంస్కృతంలో కావాలన్నాడు. చైనాలో తాంగ్ వంశపు చక్రవర్తి ఆ పని పురమాయిస్తే మన హ్యూయెన్ త్సాంగ్, తావో పండితులు కలిసి కూర్చున్నారు. 'తావో' అనే మొదటి మాట దగ్గరే గొడవ. 'బోధి' అనాలని వాళ్ళు, కుదరదు 'మార్గం' అనాలని ఈయన. బౌద్ధుడు కదా, బోధిని వాళ్ళకెందుకు ఇస్తాడు!

గోదారిగట్టు:
మార్గమే బాగుంది. మెట్టతామర గారూ, పారాయణం సంగతికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నా. కానీ సమాధిలో పక్కపక్కన పెట్టినంత మాత్రాన రెండూ ఒకటైపోవు. మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో భాగవతం పక్కనే పాలవాడి లెక్కల చిట్టా ఉండేది.