మతిమరుపు జబ్బు మందుల కోసం ఎలుకల్ని చంపడం ఇంకా అవసరమా?

కావలి_కోడలు:
మా అత్తయ్యకి ఆల్జీమర్స్. పొద్దుగూకితే బియ్యం డబ్బా ముందేసుకుని సోలతో కొలుస్తుంది. రెండో సోలకే లెక్క తప్పి, తిరిగి డబ్బాలో పోసి మొదటికొస్తుంది. పేపర్లో మాత్రం ‘ఎలుకల్లో మతిమరుపు మాయం’ అని వేస్తానే ఉంటారు. అసలు ఎలుకకి ఈ జబ్బు దానంతటది రాదు. మనిషి జన్యువు ఎక్కించి మెదడులో అమైలాయిడ్ అనే ప్రోటీన్ ముద్దలు పుట్టిస్తారు. తర్వాత నీళ్ల తొట్టిలో వదిలి, మునిగున్న దిమ్మెను ఎన్ని సెకన్లలో పట్టుకుందో చూస్తారు. కన్నకొడుకును పట్టుకుని ‘ఎవరు నాయనా నువ్వు’ అనడానికీ దానికీ పోలికేంది? ఆపేయాలంటాను.

పొదిలి_మందులషాపు:
అక్కా, ఆపేయమంటే ఒప్పుకోను. మన దగ్గర ఈ జబ్బుకి డాక్టర్లు రాసే డొనెపెజిల్ మందు కూడా ముందు ఎలుకల మీద చూసిందే. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చిన లెకానెమాబ్ అనే మందుకి మూలం ఎలుక యాంటీబాడీ. జబ్బు మొదట్లో ఉన్నవాళ్లలో, 18 నెలల్లో, దిగజారుడు 27 శాతం నెమ్మదించింది. నయం కాదు, నిజమే. కానీ ఏమీ లేనిచోట అదీ తక్కువేం కాదు.

కావలి_కోడలు:
మరి ఆ ముద్దల్ని పోగొట్టడానికి చేసిన టీకా సంగతి? 1999లో ఎలుకల మెదడు శుభ్రమైపోయిందన్నారు. మనుషులకి వేస్తే దాదాపు 6 శాతం మందికి మెదడువాపు. 2002లో ఆపేశారు. ఎలుక ముందే చెప్పలేకపోయింది గదా!

ఒంగోలు_రిటైర్డ్‌డాక్టర్:
అమ్మా, ఆ ఉదాహరణ నీ వాదనకే అడ్డం తిరుగుతుంది. ఆ వాపు తెచ్చింది రోగనిరోధక కణాలు. ఇప్పుడు ఎలుకలకు బదులు మనిషి మూలకణాలతో గాజుపాత్రలో మెదడు ముక్కలు పెంచుతున్నారు. మన దేశంలో కూడా 2023లో నిబంధనలు మార్చి ఇలాంటి పద్ధతుల్ని ఒప్పుకున్నారు. సంతోషమే. కానీ వాటికి రక్తం పారదు, దాంతో వచ్చే ఆ రోగనిరోధక కణాలుండవు, లివరు ఉండదు, కిడ్నీ ఉండదు. ఆ మెదడువాపు అందులోనూ బయటపడేది కాదు.

నాకు కోపం ఇంకో దాని మీద. ఆ ఎలుకల్లో చాలావాటికి పెట్టేది చిన్న వయసులో, కొన్ని కుటుంబాల్లో మాత్రమే వచ్చే రకం జన్యువులు. రోగుల్లో అలాంటివాళ్లు నూటికి ఒకరు కూడా ఉండరు. నేను చూసిన రోగులేమో డెబ్భై దాటినవాళ్లు, షుగరూ బీపీ ఉన్నవాళ్లు, ఒకటి రెండు చిన్న పక్షవాతాలు కూడా వచ్చినవాళ్లు. ముద్దలు పుట్టిన ఎలుకలో చాలాసార్లు నరకణాలు మనిషిలో చచ్చినట్టు చావవు. కాబట్టి మందు మెదడుకి చేరిందా, ముద్ద కరిగిందా, విషమా కాదా అన్నంతవరకే ఎలుకని అడగాలి. జ్ఞాపకం తిరిగొచ్చిందా అన్నది దాన్ని అడగకూడదు.

కావలి_కోడలు:
సరే డాక్టరు గారూ, పూర్తిగా ఆపమన్న మాట వెనక్కి తీసుకుంటాను. కానీ పనిచేయని ప్రయోగాలు కూడా బయటపెట్టి తీరాలి. లేకపోతే ఒకచోట తేలిపోయిన దానికే ఇంకోచోట మళ్లీ ఎలుకల్ని చంపుతారు. ఇందులో మాత్రం తగ్గను.

పొదిలి_మందులషాపు:
దానికి నేనూ మీ పక్కే అక్కా.