స్కైరిమ్ అయిపోయింది, తర్వాత ఏది? మ్యాప్ సైజు చూసి ఎంచుకోవచ్చా?

ప్రశ్న

అందరికీ నమస్తే. ఎల్డర్ స్క్రోల్స్ వరుస వీడియో గేముల్లో ఒకటైన స్కైరిమ్ మొన్ననే ముగించాను. ముగించడం అంటే మెయిన్ కథ, గిల్డులు, డాన్‌గార్డ్, డ్రాగన్‌బోర్న్ (ఈ చివరి రెండూ తర్వాత వచ్చిన అదనపు భాగాలు) అన్నీ కలిపి 140 గంటల పైనే పట్టింది. ఇప్పుడు ఎల్డర్ స్క్రోల్స్‌లో పాతవి ఆడదామని చూస్తే ఎవరి లెక్క వాళ్లది. ఒకరు డాగర్‌ఫాల్ అన్నిటికంటే పెద్దది అంటారు, ఇంకొకరు ఒబ్లివియన్ స్కైరిమ్ కంటే పెద్దది అంటారు, నా ఫ్రెండ్ ఒకడేమో మారోవిండ్ ముందు ఏదీ నిలవదంటాడు, తీరా చూస్తే దాని మ్యాప్ స్కైరిమ్‌లో సగం కూడా లేదు. నాకు పెద్ద ప్రపంచం కావాలి, అందులో చేయడానికి బోలెడు పని ఉండాలి. రోజుకి గంటన్నర దొరికితే గొప్ప. లాప్‌టాప్ పాతది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఏది మొదలుపెట్టమంటారు? అసలు ఈ చదరపు కిలోమీటర్ల లెక్కలు నిజమేనా?

జవాబు

లెక్కలు దాదాపు నిజమే, కానీ వాటిని పట్టుకుని గేమ్ ఎంచుకుంటే దెబ్బతింటారు. ముందు అంకెలు చెప్పేస్తాను. డాగర్‌ఫాల్ (1996) లక్షన్నర చదరపు కిలోమీటర్ల పైమాటే. మారోవిండ్ (2002) జరిగే వార్డెన్‌ఫెల్ దీవి, నేల వరకూ చూస్తే 16 చదరపు కిలోమీటర్లు, అటూ ఇటూ. ఒబ్లివియన్ (2006) గురించి ఈ గేములు చేసే బెథెస్డా వాళ్లు చెప్పుకున్నది 16 చదరపు మైళ్లు, అంటే 41 చదరపు కిలోమీటర్ల దాకా వస్తుంది. ఈ రెండు 16లను కలిపేసి రెండు గేములూ ఒకే సైజు అని వాదించినవాళ్లను నేను కళ్లారా చూశాను, మైళ్లూ కిలోమీటర్లూ చూసుకోండి ముందు. స్కైరిమ్ (2011) 37 దగ్గర ఉంటుంది. అంటే ఒబ్లివియన్ కొంచెం పెద్దదే, కానీ ఆ తేడా ఆడేటప్పుడు మీకు తెలియదు, పైగా స్కైరిమ్‌లో కొండలు అడ్డం వచ్చి చుట్టూ తిరిగి వెళ్లాలి కాబట్టి అదే పెద్దదిగా అనిపిస్తుంది.

డాగర్‌ఫాల్ సంగతి వేరు. ఊళ్లు, గుళ్లు, నేలమాళిగలు అన్నీ కలిపి 15,000 పైన ఉంటాయి, కానీ చాలా వరకు కంప్యూటరే అల్లేసింది. ఆ నేలమాళిగలు, అదే డంజన్లు, కూడా ముందే కట్టిపెట్టుకున్న ముక్కల్ని అతికించి చేసినవి, ఐదారు చూశాక ఇంతకుముందు ఈ మూల తిరిగాం కదా అనిపిస్తుంది. ఊరికీ ఊరికీ మధ్య ఏమీ ఉండదు, గడ్డి, చెట్లు, మళ్లీ గడ్డి. అందరూ మ్యాప్ మీద నొక్కి ప్రయాణం చేసేవాళ్లే, నిజంగా కాళ్లకి పని చెబితే ఒక కొస నుంచి ఇంకో కొసకి రోజులు పడుతుంది, గేములో రోజులు కాదు, మన రోజులు. దానికంటే ముందు వచ్చిన అరీనా (1994) ఇంకా విడ్డూరం, మొత్తం టామ్రియెల్ ఖండమంతా ఉందంటారు గానీ ఒక ఊరి బయటికి నడుచుకుంటూ పోతే పక్క ఊరు ఎప్పటికీ రాదు.

ప్రశ్న వేసిన వ్యక్తి

ఓహో, అంటే డాగర్‌ఫాల్ వదిలేయాలా? మరి మారోవిండ్ అంత చిన్నదైతే మావాడు ఎందుకంత పొంగిపోతున్నాడు, చిన్నప్పుడు ఆడాడనా?

జవాబు

డాగర్‌ఫాల్ వదిలేయమని కాదు. అది 2009 నుంచి ఉచితమే, ఇప్పుడు డాగర్‌ఫాల్ యూనిటీ అని అభిమానులు కొత్త ఇంజిన్‌లోకి మార్చింది ఉంది, పాత లాప్‌టాప్‌లో కూడా పరిగెడుతుంది, పెట్టుకుని ఒక సాయంత్రం చూడండి. మొదటి డంజన్ ప్రైవటీర్స్ హోల్డ్ దాటితే మీకే తెలిసిపోతుంది నచ్చుతుందో లేదో. కానీ క్వెస్టులకి (గేము అప్పగించే పనులకి) గడువు ఉంటుంది, గంటన్నర గంటన్నరగా ఆడేవాళ్లకి అది చిరాకు.

మీ ఫ్రెండ్ చెప్పేది ఒట్టి జ్ఞాపకాల మోజు కాదు. ప్రపంచం పెద్దదా చిన్నదా అనేది మన బుర్రకి కిలోమీటర్లలో తెలియదు, ఇక్కణ్ణుంచి అక్కడికి పోవడానికి ఎంతసేపు పట్టింది, ఎంత దూరం కనబడింది, దారిలో ఎన్నిసార్లు ఆగాల్సి వచ్చింది, వీటిని బట్టే తెలుస్తుంది. మారోవిండ్‌లో మొదట్లో మీ మనిషి నత్తలా నడుస్తాడు. మ్యాప్ మీద నొక్కి దూకడం లేదు. సిల్ట్ స్ట్రైడర్ అనే పెద్ద పురుగు వీపు మీద ఎక్కి కొన్ని ఊళ్లకే వెళ్లగలరు, లేదంటే పడవ, లేదంటే మేజెస్ గిల్డులో డబ్బు కట్టి ఇంకో గిల్డుకి మాయం అవడం. ఆ సేవలు ఏవి ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు పెట్టుకోవాలి, బస్సు రూట్లు గుర్తుపెట్టుకున్నట్టు. దానికి తోడు పొగమంచు, నాలుగడుగుల అవతల ఏముందో తెలియదు.

ఆ పొగమంచు సంగతి ఒకటి చెప్పాలి. ఓపెన్‌ఎండబ్ల్యూ అని ఉచిత ఇంజిన్ ఉంది (అసలు గేమ్ మాత్రం కొనుక్కోవాలి), అందులో ఎంత దూరం కనబడాలో మనమే పెంచుకోవచ్చు. ఒకసారి మోజుకొద్దీ పూర్తిగా పెంచేసి గేమ్ మొదలయ్యే సేడా నీన్ ఊరి దగ్గర గుట్టెక్కి చూశాను. వివెక్ నగరం పెద్ద పెద్ద రాతి మెట్లలాగా అక్కడే నిలబడి ఉంది! అంతకుముందు ఆ ఊరికి వెళ్లడమంటే నాకు ఒక యాత్ర. ఇంత దగ్గరా, ఇన్నాళ్లూ దీనికా చుట్టూ తిరిగాను అనిపించింది. వెంటనే సెట్టింగ్ వెనక్కి తిప్పేశాను, కానీ చూసింది చూడనట్టు అవదు కదా. కాబట్టి మీరు మొదటిసారి ఆడేటప్పుడు దాన్ని ముట్టుకోవద్దు.

ఇంకో సభ్యురాలు

పైన చెప్పింది ఒప్పుకుంటాను గానీ ఒబ్లివియన్‌ని మరీ పక్కకి నెట్టేస్తున్నారు. నేలంతా యంత్రం గీసినట్టు ఉంటుంది, నిజమే, అడవిలో ఒక చోటికీ ఇంకో చోటికీ తేడా తెలియదు, అయిలీడ్ అనే పాత జాతి శిథిలాలు ఒకటి చూస్తే పది చూసినట్టే. కానీ క్వెస్టులు? హంతకుల ముఠా డార్క్ బ్రదర్‌హుడ్‌లో ఒకే ఇంట్లో ఐదుగుర్ని ఒకరికి తెలియకుండా ఒకర్ని చంపే క్వెస్టు, పెయింటింగ్ లోపలికి వెళ్లే క్వెస్టు, ఇలాంటివి స్కైరిమ్‌లో నాకు దొరకలేదు. దాని అదనపు భాగం షివరింగ్ ఐల్స్ (2007) ఒక్కటే చాలు, చిన్న మ్యాపే, అడుగడుక్కీ ఏదో ఒక పిచ్చి ఉంటుంది.

ఒబ్లివియన్‌లో నన్ను విసిగించింది సైజు కాదు, లెవెల్ స్కేలింగ్. మీ లెవెల్ పెరిగేకొద్దీ లోకం కూడా పెరుగుతుంది, చివరికి దారిదోపిడీ దొంగ కూడా ఖరీదైన గ్లాస్ కవచం తొడుక్కుని వచ్చి వంద బంగారు కాసులు ఇమ్మంటాడు. ఆ కవచం అమ్ముకుంటే వాడి జీవితం గడిచిపోదూ! మారోవిండ్‌లో అలా కాదు, మంచి వస్తువు ఎక్కడ పెట్టారో అక్కడే ఉంటుంది. ఘోస్ట్‌గేట్ బురుజులో గ్లాస్ కవచం అర మీదే ఉంటుంది, ఒకటో లెవెల్‌లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని అక్కడికి పోగలిగితే కాజేయొచ్చు. అందుకే మూల మూలా వెతకబుద్ధేస్తుంది. తమ్ముడూ, నువ్వు చేయడానికి పని ఉండాలి అన్నావు కదా, వెతికితే దొరుకుతుందన్న ఆశే అసలు పని.

ప్రశ్న వేసిన వ్యక్తి

అక్కా, మరి 2025లో వచ్చిన ఒబ్లివియన్ రీమాస్టర్‌లో మ్యాప్ పెంచారా? దాంట్లో ఆ స్కేలింగ్ పోయిందా?

ఇంకో సభ్యురాలు

మ్యాప్ అదే. బొమ్మలు కొత్తవి, స్ప్రింట్ (వేగంగా పరుగెత్తడం) పెట్టారు, లెవెల్ పెరిగే పద్ధతి మార్చారు. షివరింగ్ ఐల్స్, నైట్స్ ఆఫ్ ద నైన్ అనే అదనపు భాగాలు అందులోనే వస్తాయి. స్కేలింగ్ పూర్తిగా పోలేదు. స్ప్రింట్ వల్ల ఊళ్లు ఇంకా దగ్గరైపోయాయి అనిపిస్తుంది. అయినా నీ లాప్‌టాప్‌లో అది కదలదు, ఆశ వదులుకో. 2006ది అయితే హాయిగా నడుస్తుంది.

మూడో సభ్యుడు

క్వెస్టుల సంఖ్య పోల్చేవాళ్లకి ఒక మాట. స్కైరిమ్‌లో రేడియంట్ క్వెస్టులు ఉన్నాయి, ఫలానా గుహకి పో, ఫలానా వస్తువు తే, అవి ఎప్పటికీ అయిపోవు, గేమే పుట్టిస్తూ ఉంటుంది. వాటిని లెక్కేస్తే స్కైరిమ్‌దే పైచేయి, తీసేస్తే కాదు. అలాగే మారోవిండ్‌లో మాటలు దాదాపు అన్నీ చదువుకోవడమే, గొంతు పలకరింపు వరకే. రాయడానికి ఖర్చు తక్కువ కాబట్టి ప్రతివాడితోనూ చాంతాడంత సంభాషణ పెట్టగలిగారు. ఒబ్లివియన్ నుంచి ప్రతి మాటా ఎవరో ఒకరు పలకాలి, అందుకే మాటలు తగ్గాయి, అదీ కొద్దిమంది గొంతులే, అందుకే బిచ్చగాడు సగం వాక్యంలో గొంతు మార్చేసేది!

స్కిల్స్ చూడండి: డాగర్‌ఫాల్ 35, మారోవిండ్ 27, ఒబ్లివియన్ 21, స్కైరిమ్ 18. ప్రతిసారీ కోతే. గాల్లో తేలే లెవిటేషన్ మారోవిండ్ తర్వాత పోయింది, ఎందుకంటే ఒబ్లివియన్‌లో నగరాలు విడి లోడింగ్ వెనకాల ఉంటాయి, గోడ మీంచి ఎగిరి చూస్తే లోపల ఊరు సగమే ఉంటుంది. మారోవిండ్‌లో పాలక వంశాలైన మూడు గ్రేట్ హౌస్‌లలో ఒకదాంట్లోనే చేరగలరు, పైకెదగాలంటే స్కిల్ ఉండాలి. స్కైరిమ్‌లో నాలుగు మంత్రాలు వస్తే చాలు, మంత్రవిద్య కాలేజీకి పెద్ద దిక్కు అయిపోవచ్చు.

కానీ స్కైరిమ్ డంజన్లకి మాత్రం దండం పెట్టాలి. ఫ్రాస్ట్‌ఫ్లో లైట్‌హౌస్ చూశారా? ఏ క్వెస్టూ పంపదు, దారిలో తగిలితే తగిలినట్టు. లోపల ఒక కుటుంబం రాసుకున్న కాగితాలు, కింద గుహ, చివరికి కారస్ రీపర్ అనే పెద్ద పురుగు రాక్షసి కడుపులో ఇంటి పెద్ద ఎముకలు. వాటిని తెచ్చి పైన దీపంలో పెడితే అతని కోరిక తీరుతుంది. గేము ఎక్కడా ఇలా చేయమని చెప్పదు. ఒబ్లివియన్ గుహలన్నీ కలిపినా ఇంత గుర్తుండవు నాకు.

ప్రశ్న వేసిన వ్యక్తి

140 గంటలు ఆడి ఆ లైట్‌హౌస్‌లో రాక్షసుల్ని చంపేసి వచ్చేశాను, కాగితాలు చదవలేదు. సిగ్గుగా ఉంది. సరే, మారోవిండ్ మొదలుపెట్టేశాను, మూడు రోజులైంది. రెండు సమస్యలు. కత్తి కళ్లముందే తగులుతోంది, దెబ్బ మాత్రం పడదు, ఒక పీతని చంపడానికి ఐదు నిమిషాలు. రెండోది, బాల్మోరా ఊళ్లో మొదట పని అప్పగించే కైయస్ చెప్పినట్టు ఇంకొకాయన దగ్గరికి వెళితే ఆయన ఏదో పజిల్ బాక్స్ తెమ్మన్నాడు, అదున్న చోటు పేరు ఆర్క్‌గ్‌తాండ్ అట, నోరు తిరగదు. బాణం గుర్తు లేదు, మ్యాప్‌లో చుక్క లేదు, గంటన్నర మొత్తం కొండల్లో తిరిగాను.

జవాబు

మీకు ఇప్పుడు 16 చదరపు కిలోమీటర్లు ఎంత పెద్దవో తెలిసింది కదా :)

మొదటిది, గేమ్ మొదట్లో సెన్సస్ ఆఫీసులో దొరికిన బాకు పట్టుకుని తిరుగుతున్నారా? బాకు షార్ట్ బ్లేడ్ కిందకి వస్తుంది. మీరు లాంగ్ బ్లేడ్ ఎంచుకుని ఉంటే అది ఎందుకూ పనికిరాదు, మీ స్కిల్‌కి తగిన ఆయుధం కొనండి. రెండోది, ఆకుపచ్చ గీత చూడండి, అది అలసట. పరిగెత్తితే అది ఖాళీ అవుతుంది, ఖాళీగా ఉంటే దెబ్బ తగిలే అవకాశం పావు వంతు కోసుకుపోతుంది, నిండుగా ఉంటే పావు వంతు కలుస్తుంది. కాబట్టి శత్రువు దగ్గరికి నడిచి వెళ్లండి, పరిగెత్తి కాదు. అందరూ మొదటి వారం ఇక్కడే గేమ్ వదిలేస్తారు.

ఆర్క్‌గ్‌తాండ్‌కి, బాల్మోరా నుంచి దక్షిణంగా బయటికొచ్చి, నది దాటి, ఫోర్ట్ మూన్‌మాత్ వైపు వెళ్లండి. కోట దాటాక లోయ మీద డ్వెమర్ అనే పాత జాతి కట్టిన వంతెన వస్తుంది. దాని అవతలే శిథిలాలు. తలుపు తీయడానికి బయట ఒక గొట్టానికి తిప్పే పిడి ఉంటుంది, అది తిప్పాలి, చాలామంది తలుపు ముందే నిలబడి తల బాదుకుంటారు. లోపలికి వెళ్లాక ఇంకే తలుపులూ దాటక్కర్లేదు, పెట్టె ఆ మొదటి ప్రాంతంలోనే ఒక గదిలో అర మీద ఉంటుంది. జర్నల్ చదవండి, ఊరివాళ్లని దారి అడగండి, ఈ గేములో బాణం గుర్తు పని వాళ్లే చేస్తారు.

మూడో సభ్యుడు

ఇది ముగించాక కూడా చాలకపోతే టామ్రియెల్ రీబిల్ట్ అనే మోడ్ (అభిమానులు చేసిన అదనపు భాగం) పెట్టుకోండి, దీవి అవతలున్న ప్రధాన భూభాగాన్ని ముక్కలు ముక్కలుగా కలుపుతూ వస్తున్నారు. కానీ ఇప్పుడే వద్దు. ముందు సేడా నీన్ నుంచి బాల్మోరా దారిలో ఆకాశం నుంచి ఒకడు కేక పెడుతూ కింద పడతాడు, వాడి దగ్గర మూడు ఇకారియన్ ఫ్లైట్ స్క్రోల్స్ (మంత్రం రాసిన కాగితపు చుట్టలు) ఉంటాయి. ఒకటి చదివి దూకితే దీవిలో ఎంత దూరం ఎగురుతారో చూడండి. కింద పడేలోపు రెండోది చదవాలి, గుర్తుంచుకోండి.

ప్రశ్న వేసిన వ్యక్తి

పెట్టె దొరికింది! పిడి కనబడక ఇరవై నిమిషాలు తలుపు దగ్గరే ఉన్నాను, మీరు చెప్పింది సరిగ్గా చదవకుండా. బాకు తీసేసి కత్తి కొన్నాను, పీతలు ఇప్పుడు రెండు దెబ్బలకే.

స్క్రోల్ కూడా వాడాను. రెండోది చదవడం మర్చిపోయాను.