ఎమ్‌జీఏ 1500: ముందు రెండు ప్లగ్గులు నల్లగా, వెనక రెండు తెల్లగా. అంబాసిడర్ పని తెలిసినవాళ్లు చెప్పండి

పర్లాకిమిడి షెడ్డు
అందరికీ నమస్కారం. నాన్నగారు ముప్పై ఏళ్లు అంబాసిడర్లు బాగుచేశారు, ఇప్పుడు షెడ్డు నేను చూస్తున్నాను. పోయిన నెల ఒకాయన 1957 నాటి ఎమ్‌జీఏ అనే ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు తెచ్చి నా చేతుల్లో పెట్టారు. బోనెట్ ఎత్తి చూస్తే అచ్చం మన అంబాసిడర్ ఇంజనే! పెట్రోలుని గాలితో కలిపే కార్బొరేటర్లు మాత్రం రెండు.

ఐడిల్‌లో బండి వణుకుతోంది. తప్తపాణి ఘాట్ ఎక్కుతుంటే థర్డ్ గేర్‌లో ఊపిరాడనట్టు చేస్తోంది. 1, 2 ప్లగ్గులు మసి పట్టాయి, 3, 4 తెల్లగా ఉన్నాయి. కొత్త ప్లగ్గులు, పాయింట్లు వేశాను, అదే తీరు. అంబాసిడర్ గ్యాస్కెట్లు దీనికి పనికొస్తాయా? ఓనరుగారు వచ్చే ఆదివారం బరంపురం వెళ్లాలంటున్నారు, టెన్షన్‌గా ఉంది.

రాయగడ మేస్త్రి
బాబూ, నువ్వు సరిగ్గానే పోల్చావు. రెండూ బీఎమ్‌సీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బి-సిరీస్ ఇంజన్లే, 1489 సీసీ. ఒక కార్బొరేటర్, తక్కువ కంప్రెషన్ పెడితే బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్. రెండు ఎస్‌యూ కంపెనీ కార్బొరేటర్లు, 8.3 కంప్రెషన్ నిష్పత్తి పెడితే ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో తయారైన ఎమ్‌జీఏ. మనం రోజూ మసి తుడిచిన ఇంజనే ఆ స్పోర్ట్స్ కారులోనూ ఉందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

హెడ్ విప్పినప్పుడు గమనించే ఉంటావు, నాలుగు సిలిండర్లకీ ఇన్‌లెట్ రంధ్రాలు రెండే. 1, 2కి ఒకటి, 3, 4కి ఇంకొకటి. అంబాసిడర్‌లో ఒకే కార్బొరేటర్ అన్నిటికీ పంచుతుంది కాబట్టి అది చెడితే నాలుగు ప్లగ్గులూ నల్లబడతాయి. ఇక్కడ ముందు కార్బొరేటర్ 1, 2కి, వెనకది 3, 4కి. జబ్బెక్కడుందో నీ ప్లగ్గులే చెప్పేశాయి. ముందుదానికి పెట్రోలు ఎక్కువవుతోంది, వెనకదానికి చాలడం లేదు.

మొదట చోక్ చూడు. ఈ ఎస్‌యూలో చోక్ లాగితే గాలి మూసుకోదు, పెట్రోలు వచ్చే సన్న గొట్టం, అంటే జెట్టే కిందికి దిగుతుంది. లింకు బిగుసుకుంటే జెట్ పైకి రాదు, చోక్ మూసినా పెట్రోలు కారుతూనే ఉంటుంది. అది బాగుంటే రెండు జెట్లనీ పూర్తిగా పైకి తెచ్చి, ఒక్కో జెట్ నట్టుని రెండు చుట్లు కిందికి తిప్పు. అక్కణ్ణించి మొదలుపెట్టు. ఇంజను వేడెక్కాక కార్బొరేటర్ లోపలి పిస్టన్ని అర మిల్లీమీటరు పైచిలుకు ఎత్తి చూడు. స్పీడు పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ. ఆగిపోబోతే తక్కువ. కాస్త పెరిగి సర్దుకుంటే సరిపోయింది. రెండింటి గాలి సమానం చేయడానికి ఒక రబ్బరు గొట్టం చెవికి పెట్టుకుని, రెండో కొస కార్బొరేటర్ నోటి దగ్గర ఉంచి చప్పుడు విను. రెండు వైపులా ఒకేలా బుసకొట్టాలి. కార్బొరేటర్ పైనుండే డ్యాష్‌పాట్‌లో పల్చటి 20 నంబర్ ఆయిలే పోయి.

గ్యాస్కెట్ సంగతి. కుటుంబం ఒకటే అయినా పాతదాని మీద కొత్తది పరిచి ప్రతి రంధ్రం కలుస్తోందో లేదో చూశాకే వెయ్యి. అంబాసిడర్ హెడ్ మాత్రం ఎక్కించకు.

ఒక మాట, ఎమ్‌జీఏ కంటే ముందొచ్చిన ఎమ్‌జీ టీడీ మోడల్ వస్తే జాగ్రత్త. దాని 1250 సీసీ ఇంజనులో బోల్టు మరలు మిల్లీమీటర్లవి, తలలు విట్‌వర్త్ అనే పాత ఇంగ్లీషు కొలత స్పానర్‌వి. ఇంగ్లండ్ కార్ల తయారీదారు మోరిస్ 1923లో కావెంట్రీలోని ఫ్రెంచి హాచ్‌కిస్ ఫ్యాక్టరీ కొన్నాడు, ఆ మెషిన్ల మర అలాగే వచ్చింది. జయపురంలో పనిచేసేటప్పుడు నాకది తెలియదు. వేరే బోల్టు బలవంతంగా బిగించి ఇంజను కింది ఆయిల్ తొట్టి (సంప్) మర చెరిపేశాను. ఆ బాధ నీకొద్దు.

బరంపురం బ్యాటరీ
అన్నా, ఎమ్‌జీఏలో సీట్ల వెనక ఆరు వోల్టుల బ్యాటరీలు రెండుంటాయి, కలిపితే పన్నెండు. ప్లస్సే ఎర్త్, అంటే బాడీకి కలిసేది ప్లస్. ఓనరుగారు ఫోన్ ఛార్జర్ పెట్టమంటే ముందు అది చూడండి. మన అలవాటు ప్రకారం మైనస్ బాడీకి కలిపారో, ఎక్కడో పొగ వస్తుంది.

ఆ కారులో అంత కిందికి ఎలా కూర్చుంటామో గమనించారా? 1951లో జార్జ్ ఫిలిప్స్ అనే రేసరు ఫ్రాన్స్‌లోని లె మాన్ రేసుకి టీడీ మీదే సన్నటి బాడీ వేయించుకున్నాడు, కానీ ఛాసిస్ మీద కూర్చునేసరికి తల పైకి వచ్చేసింది. అందుకే ఎమ్‌జీ ఇంజనీరు సిడ్ ఎనెవర్, తర్వాత ఎమ్‌జీఏకి దారితీసిన కొత్త ఛాసిస్‌లో పక్క దూలాల్ని బయటికి జరిపి, సీటుని మధ్యలోకి దించాడు.

పర్లాకిమిడి షెడ్డు
మేస్త్రిగారూ, దండాలు. ముందు కార్బొరేటర్ చోక్ లింకు తుప్పుపట్టి జెట్‌ని కిందే ఆపేసింది. విప్పి శుభ్రం చేసి మళ్లీ పెట్టాను. వెనకది ఒక చుట్టు పైకే ఉంది, దించాను. నిన్న పాతపట్నం దాకా తిప్పి ప్లగ్గులు తీస్తే నాలుగూ బిస్కెట్ రంగులోకి వచ్చాయి. గొట్టంతో వింటే వెనకదాని బుస ఇంకా కొంచెం ఎక్కువగా ఉంది. ఆ రెండు థ్రాటిళ్ల మధ్య క్లాంపు వదులు చేసే సరిచేయాలా, లేక ఐడిల్ స్క్రూతోనే అవుతుందా?

రాయగడ మేస్త్రి
క్లాంపు వదులు చెయ్యి బాబూ. రెండు స్క్రూలూ విడివిడిగా సమానం చేసి, చప్పుడు ఒకటయ్యాకే మళ్లీ బిగించు.