సాయంత్రం కచేరీలో లలిత్ పాడొచ్చా?

ప్రశ్న
సాయంత్రం ఏడింటికి మొదలైన హిందుస్తానీ గాత్ర కచేరీలో గాయకుడు ప్రధాన రాగంగా లలిత్ ఎత్తుకున్నారు. అది తెల్లవారుజామున పాడే రాగం. వేళ తప్పిందని కొందరు లేచి వెళ్లిపోయారు. నాకు మాత్రం విలంబిత్ ఖయాల్ (నెమ్మదిగా సాగే ప్రధాన గానం) చాలా నచ్చింది. కర్ణాటక సంగీతంలో బిలహరిని పొద్దుటి రాగం అంటారు, అయినా సాయంత్రం పాడితే ఎవరూ అడ్డు చెప్పరు. మరి ఇక్కడ ఇంత పట్టింపు అవసరమా?

జవాబు
మధ్యలో లేచి వెళ్లడం గాయకుడికి అవమానమే, దాన్ని సమర్థించను. నియమాన్ని మాత్రం సమర్థిస్తాను. హిందుస్తానీ రాగాలను వర్గీకరించిన సంగీత శాస్త్రవేత్త భాత్‌ఖండే పద్ధతిలో కోమల (తగ్గించిన) రిషభం, శుద్ధ (మామూలు) గాంధార నిషాదాలున్న రాగాలు సంధివేళలవి, అంటే పగలూ రాత్రీ కలిసే వేళలవి. వాటిలో సాధారణంగా శుద్ధ మధ్యమానికి ప్రాధాన్యం ఉంటే ఉదయం, తీవ్ర (పెంచిన) మధ్యమానికి ఉంటే సాయంత్రం. ఉదయపు రాగం భైరవ్‌లో మధ్యమం ఒక్కటి మారిస్తే సాయంత్రపు పూర్వీ థాట్ (రాగాల వర్గం) స్వరాలు వస్తాయి. లలిత్‌లో పంచమమే లేదు, రెండు మధ్యమాలూ పక్కపక్కనే పలుకుతాయి. అందుకే తంబురాలో పంచమం తీగను మధ్యమానికో నిషాదానికో శ్రుతి చేస్తారు. ఆ నాదంలో శుద్ధ మధ్యమం మీద గాయకుడు నిలబడినప్పుడు కలిగే అనుభూతి నాకు తెల్లవారుజామునే పూర్తిగా అందుతుంది.

మరో జవాబు
స్వరాలే వేళను నిర్ణయిస్తే భూపాలీ, దేశ్‌కార్ సంగతేంటండీ? రెండింటికీ అవే ఐదు స్వరాలు. ఒకటి రాత్రి మొదటి జాముది, ఇంకొకటి ఉదయానిది. కాళింగడ స్వరాలు భైరవ్‌వే, కానీ పాడేది రాత్రి చివరి జాములో. అంటే ఇది తరతరాల అలవాటు. పైగా 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల వల్ల రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకులు మామూలుగా కుదరవు. రాత్రంతా సాగే కచేరీలు బాగా తగ్గిపోయాయి. మీ మాట పట్టుకుంటే చాలామందికి లలిత్ రికార్డుల్లోనే మిగులుతుంది.

మొదట జవాబిచ్చినవారు
దేశ్‌కార్ ఉదాహరణ నా వైపే మాట్లాడుతుంది. భూపాలీకి బలం గాంధారం, దేశ్‌కార్‌కు ధైవతం. ఒకదాంట్లో ఆలాపన కింది స్వరాల్లో విస్తరిస్తుంది, రెండోది పై షడ్జమం వైపు లాగుతుంది. అవే స్వరాలకు ఇంత తేడా తెచ్చిన అలవాటును చిన్నదని ఎలా అంటాం? రికార్డుల గురించి మీ భయం మాత్రం నిజమే. దానికి మందు ఉదయం కచేరీ. గ్వాలియర్‌లో జరిగే సంగీతోత్సవం తాన్‌సేన్ సమారోహ్‌లో ఉదయం కచేరీలున్నాయి, మన సభలవాళ్లకు ఏం అడ్డు? చలికాలంలో ఆరింటికి ఇంకా సూర్యోదయం కాదు. లలిత్‌తో మొదలుపెట్టి, భైరవ్, రామ్‌కలీ మీదుగా తోడీకి రావచ్చు. ఆదివారమైతే ఆఫీసు టెన్షన్ కూడా ఉండదు. నిర్వాహకులకు ఉత్తరం రాస్తున్నాను, సంతకం చేసేవాళ్లు చెప్పండి.

ప్రశ్న అడిగినవారు
నేను చేస్తానండీ. కానీ సాయంత్రం లలిత్ పాడకూడదనే వాక్యం అందులో ఉంటే చేయను.