“నూనెతో నా తల అంటియున్నావు”: ఇది అభిషేకమా, తలంటా?

పోయిన ఆదివారం మా సంఘంలో వాక్యం 23వ కీర్తన. అయిదో వచనం దగ్గర అయ్యగారు ఆగి, చాలాసేపు అభిషేకం గురించే చెప్పారు. వినడానికి బాగుంది. కానీ నా ఒళ్ళో తెరిచి ఉన్న బైబిల్లో ఆ మాటే లేదు. “నూనెతో నా తల అంటియున్నావు, నా గిన్నె నిండి పొర్లుచున్నది” అని ఉంది. అంటడం! పండక్కి మనిళ్ళల్లో చేసే తలంటు.

ఇంటికొచ్చి వెతికాను. హీబ్రూలో ఇక్కడ ఉన్న క్రియ “దిష్షన్తా”. కొవ్వు, జిడ్డు అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. రాజుని, యాజకుణ్ణి అభిషేకించడానికి వాడేది వేరే క్రియ, “మాషఖ్”. మెస్సీయ అన్న పేరు దాన్నుంచే వచ్చింది. దావీదు తల మీద సమూయేలు తైలం పోసిన చోట మన బైబిలు “అభిషేకము చేసెను” అనే అంటుంది. 89వ కీర్తనలో “పరిశుద్ధ తైలముతో” అన్నచోటా అభిషేకించడమే. 23లో మాత్రం అంటడం.

కొత్త నిబంధనలోనూ ఈ తేడా ఉంది. ఉపవాసమున్నప్పుడు “నీ తల అంటుకొని, నీ ముఖము కడుగుకొనుము” అంటాడు యేసు. యాకోబు పత్రికలో రోగికి పెద్దలు చేసేది “నూనె రాచి” ప్రార్థించడం. లూకా ఏడో అధ్యాయంలో ఆ స్త్రీ యేసు పాదాలకు అత్తరు “పూసెను”. ఈ మూడు చోట్లా గ్రీకులో క్రియ ఒకటే. మనవాళ్ళు తలకి అంటడం, ఒంటికి రాయడం, పాదాలకి పూయడం అని ఎక్కడి మాట అక్కడ వేశారు. ఆ పని చేసినవాళ్ళకి తెలుగిళ్ళు బాగా తెలుసు. వాడుకభాషలో వచ్చిన కొన్ని అనువాదాలు 23లో “అభిషేకించు” అని మార్చేశాయి. నాకది నష్టంగానే అనిపిస్తుంది.

మా నాయనమ్మ క్రిస్మస్ ముందురోజు మమ్మల్ని వరసగా పీటల మీద కూర్చోబెట్టేది. గోరువెచ్చటి నువ్వుల నూనె మాడు మీద పోసి, అరచేత్తో తప తప తట్టి ఇంకేదాకా పట్టించేది. కుంకుడు రసం కళ్ళల్లో పడి మేం ఏడుస్తుంటే ఆవిడ ఈ కీర్తనే చదువుతూ ఉండేది. ఆ చెయ్యి తల మీద ఉన్నంతసేపూ మాకు ఏ భయమూ ఉండేది కాదు.

వ్యాఖ్య: చక్కగా రాశారండీ. కానీ కీర్తన రాసిందే దావీదు కదా? ఆయన తల మీద అభిషేక తైలం పడిన మాట నిజమే కదా? ఆయన ఆ రోజునే తలుచుకున్నాడని ఎందుకు అనుకోకూడదు?

నా జవాబు: అనుకోవచ్చండీ, తప్పేమీ కాదు. కాకపోతే ముందూ వెనకా చూడండి. ముందు భోజనం, తర్వాత నూనె, ఆ తర్వాత పొర్లే గిన్నె. ఇది ఇంటికొచ్చిన చుట్టానికి చేసే మర్యాద. పరిసయ్యుడైన సీమోను ఇంట్లో యేసు ఎత్తిచూపిన లోటు కూడా ఇదే. కాళ్ళకి నీళ్ళివ్వలేదు, ముద్దు పెట్టుకోలేదు, “నూనెతో నీవు నా తల అంటలేదు”.

ఇంకొకటి కూడా ఉంది. అంటడమంటే తాకడం కూడా. 1878 జూలై 3న, ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఊరు వాళ్ళని “అంటరానివాళ్ళు” అంది. అలాంటి ఇళ్ళల్లో పుట్టి పెరిగిన మనిషి “నీవు నా తల అంటియున్నావు” అని పైకి చదివితే, అందులో ఉన్న బలం అభిషేకం అన్న మాటకి ఎక్కణ్ణుంచి వస్తుంది? దేవుడు ముట్టుకున్నాడు, అదీ తన చేత్తో నూనె రాసి. మా నాయనమ్మ ఆ ఒక్క మాట దగ్గర గొంతు ఎందుకు తగ్గించేదో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

వ్యాఖ్య: అక్కా, మా యౌవనస్థుల కూడికలో ఈ వచనం చదివితే పిల్లలు నవ్వారు. వాళ్ళకి తలంటడమంటే చీవాట్లు పెట్టడమే. అందుకే “అభిషేకించావు” అని మార్చి చదివిస్తున్నాం.

నా జవాబు: మార్చొద్దు తమ్ముడూ. పిల్లలకి తలంటు తెలీకపోతే ఒకసారి చూపించాలి. వచ్చే ఆదివారం మా సండే స్కూల్లో ఈ కీర్తన చెప్పే వంతు నాదే. చిన్న గిన్నెలో నువ్వుల నూనె వెచ్చబెట్టి పట్టుకెళ్తున్నాను.